నాంపల్లి పేరు కోసం వెతికిన నియమం

కరోనా ఆంక్షలు తొలగి ఆఫీసులు మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది, వేసవి కాలం. మా సంస్థ నాంపల్లి స్టేషన్ పక్క సందులోని మేడ మీది గదులను ఖాళీ చేసి అబిడ్స్‌కు మారిన రోజులవి. అప్పుడు జరిగిన ఒక సంఘటన గురించి రాయబోతున్నాను. అంతకంటే ముందు, ఇందులో నాకు రుజువుతో తెలిసినది ఏదో, కేవలం చెవిన పడినది ఏదో వేరు చేసి చెప్పడం అవసరం.

మేము కంప్యూటర్లు ఇచ్చిన ఒక కేంద్రంలోని యాదగిరి మాస్టారి కంప్యూటర్‌లో, ఒక ప్రెస్సులో ఉద్యోగ పరీక్ష జరిగిన రోజు ఉదయం, ఒక అప్‌డేట్ నడిచింది. ఇది నిశ్చయం; కంప్యూటర్ తనంతట తాను రాసుకునే లాగ్‌లో ఉంది. ఆ అప్‌డేట్‌లో ఒక ప్యాకేజీ మారింది. ఇదీ నిశ్చయమే. దాని మూలంగా సునీత అనే అమ్మాయి చేసిన దిద్దుబాట్లు తప్పు చోట పడ్డాయి. అది నేను పక్కన నిలబడి చూశాను. తరువాత మా ఆఫీసులో మళ్లీ మళ్లీ చేసి చూశాను. ఇక విన్నమాట: "యాదగిరి గారు ఎవరికీ చెప్పకుండా సొంతంగా అప్‌డేట్ నొక్కేశారు." మా ఆఫీసులో ఈ మాటను అందరూ వాస్తవంగానే చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా ఆ ఉదయం ఆయన పక్కన లేరు.

నేను చదివింది భౌతికశాస్త్రం. కొన్నేళ్లు కాలేజీ ల్యాబ్‌లో పిల్లల కొలతలు సరిచూశాను. ఇప్పుడు చేసే పని కూడా ఒక విధంగా అదే. మా సంస్థ చిన్న చిన్న సంస్థలకు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లు సిద్ధం చేసి ఇస్తుంది. అవి బయటికి పోయే ముందు వాటిని పరీక్షించడం నా ఉద్యోగం.

ఈ వృత్తితో పరిచయం లేనివారి కోసం కొంత వివరిస్తాను. లినక్స్‌లో ప్రతి సాఫ్ట్‌వేరూ ఒక ప్యాకేజీ రూపంలో వస్తుంది. ప్యాకేజీలు నిలవ ఉండే గోదామును రిపాజిటరీ అంటారు. ఒక కంప్యూటర్‌కు కావలసినవన్నీ వివిధ రిపాజిటరీల నుంచి తెచ్చి, ఒక్క కట్టగా కూర్చే పనిని బిల్డ్ అంటాం. మేము కొన్ని ప్యాకేజీలను లినక్స్ వారి అసలు రిపాజిటరీ నుంచి, కొన్నింటిని పరికరాలు అమ్మేవారి రిపాజిటరీ నుంచి, మేము స్వయంగా సరిచేసుకున్న వాటిని మా సొంత రిపాజిటరీ నుంచి తీసుకునేవాళ్లం.

చిక్కల్లా ఒకే పేరున్న ప్యాకేజీ రెండు గోదాముల్లోనూ ఉన్నప్పుడు వస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే సిస్టమ్ ఏ వెర్షన్ నంబరు పెద్దదైతే దాన్నే తెచ్చుకుంటుంది. కొత్తది మెరుగ్గా ఉంటుందన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఆ నమ్మకం తరచుగా నిజమే గాని ప్రతిసారీ కాదు. అందుకని ప్రయారిటీ అనే అంకె ఒకటి ఏర్పాటు చేశారు. ఏ ప్రత్యేకతా చెప్పకపోతే ప్రతి గోదాముకూ 500. వెయ్యి దాటిన అంకె ఇస్తే, ఆ గోదాములో ఉన్నది పాత వెర్షన్ అయినా సరే, అదే రావాలని అర్థం. మేము సరిచేసిన ప్యాకేజీలకు 1001 ఇచ్చుకున్నాం. ఆ నియమంలో గోదామును పేరుతో గుర్తించాలి. మా గోదాము పేరు "నాంపల్లి". సర్వర్ చూసే సలీం భాయ్ సంస్థ మొదలైన రోజుల్లో పెట్టిన పేరు అది.

యాదగిరి గారు నాంపల్లిలోనే, చూపు లేని యువతీ యువకులకు కంప్యూటర్ నేర్పే ఒక ట్రస్టు కేంద్రంలో మాస్టారు. ఆయనకూ పుట్టుకతో చూపు లేదు. అక్కడి కంప్యూటర్లన్నీ మావే. వాటిలో ఒకదానికి బ్రెయిలీ డిస్‌ప్లే ఉండేది: కీబోర్డు ముందు పెట్టుకునే సన్నని పెట్టె, దాని మీద వరుసగా చిన్న గడులు. తెర మీది అక్షరాలకు తగినట్లు గడుల్లో చుక్కలు పైకి లేస్తాయి, వేళ్లతో చదువుకోవచ్చు. ప్రతి గడికీ పైన ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే కర్సర్ సరిగ్గా ఆ అక్షరం మీదికి వచ్చి నిలబడాలి. చదవడానికి చుక్కలు చాలు. తప్పు దిద్దాలంటే మీట కావాలి.

తెలుగులో ఈ మీట సరిగా పనిచేయదని కనిపెట్టింది యాదగిరి గారే. ఒత్తులున్న చోట బ్రెయిలీ గడుల లెక్క, తెర మీది అక్షరాల లెక్క ఒకదానితో ఒకటి సరిపోవు. లైను మొదట్లో తేడా ఉండదు. ఒత్తులు ఒకటొకటిగా చేరేకొద్దీ తేడా పెరుగుతూ పోయి, కర్సర్ చివరికి పక్క మాటలో దిగుతుంది. ఆయన సలీం భాయ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క గుణింతం, ఒక్కొక్క ఒత్తు పరీక్షించి ఆ ప్యాకేజీని సరిచేయించారు. వాళ్లిద్దరూ కలిసి పనిచేస్తుంటే వినడం ఒక వేడుక.

"సలీం భాయ్, నీ కర్సర్ ఆర్టీసీ బస్సు లెక్క ఉన్నది. స్టాపు దాటినంక ఆగుతది."

"మీరు జర ముందుగాలనే చెయ్యి ఎత్తున్రి మాస్టర్ సాబ్. బస్సు నాది, స్టాపు మీది."

అలా పుట్టిన ప్యాకేజీ మా నాంపల్లి గోదాములో చేరింది. దాని వెర్షన్ నంబరు చిన్నది. లినక్స్ వారి గోదాములో అదే పేరుతో, పెద్ద నంబరుతో, ఈ సవరణ లేనిది ఉంది. రెండింటి మధ్య అడ్డుగా ఉన్నది ఆ 1001 నియమమొక్కటే.

సునీత యాదగిరి గారి శిష్యురాలు. అబిడ్స్‌లో పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఒక ప్రెస్సు ఉంది. యజమాని కిషన్ సేఠ్, పాత హైదరాబాదు కుటుంబం. ఆయన దగ్గర ఏళ్లుగా ప్రూఫులు దిద్దిన పెద్దాయన పని మానేశారు. ఒక మాట కూడా ఊహతో పూరించుకోకుండా, ప్రతి అక్షరాన్నీ వేలితో తాకి చదివే మనిషి కంటితో చదివేవారికంటే బాగా ప్రూఫు చూడగలదని యాదగిరి గారు సేఠ్‌తో వాదించారు. ఆ వాదనను నేను కూడా మొదట నమ్మలేదు. కేంద్రంలో నేనే కొన్ని తప్పులు దాచిన పేజీలు ఇచ్చి చూశాను. నేను దాచినవే కాక, నాకే తెలియకుండా పడినవి కూడా సునీత పట్టుకుంది. ఆ తరువాత నాకు అనుమానం లేదు.

సేఠ్ ఒక పరీక్షకు ఒప్పుకున్నారు. నెగ్గితే ఉద్యోగం. సునీత కాచిగూడలో ట్రస్టు వారి హాస్టల్లో ఉండేది. శిక్షణ అయిపోయింది కనుక ఆ నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. ఉద్యోగం ఉన్నవాళ్లకు మాత్రం ఇంకొంత కాలం ఉండనిస్తారు. లేకపోతే వరంగల్లో అన్నగారింటికి వెళ్లాలి. బ్రెయిలీ డిస్‌ప్లే కేంద్రానిది, ఆమెతో పోదు. అక్కడికి వెళ్తే చదువు ఉండదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

ఆ వారంలోనే మా ఆఫీసు మారింది. మా యజమాని ప్రసాద్ గారిది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నాంపల్లి గదుల ఈశాన్యం మూల తెగిపోయిందని, అందుకే ఏ పనీ కలిసి రావడం లేదని వాస్తు చూసినాయన చెప్పారు. దీనికి రుజువేమిటని నేను అడగలేదు. అడిగి లాభం లేదని అనుభవం. ముహూర్తం నాడు ప్రసాద్ గారు అందరినీ నిలబెట్టి చెప్పారు.

"పాత చోటు పేరు ఇక ఎక్కడా కనపడకూడదండీ. బోర్డు మీద, బిల్లుల మీద, రబ్బరు స్టాంపుల మీద. సలీం గారూ, మీ సర్వర్‌లో కూడానూ. అక్కడేదో నాంపల్లి అని పెట్టుకున్నారటగా?"

"ఔ సార్. మార్చేస్త," అన్నాడు సలీం భాయ్.

మార్చాడు, జాగ్రత్తగానే మార్చాడు. గోదాము పేరు అబిడ్స్ అయింది. ప్రయారిటీ నియమంలో కూడా అబిడ్స్ అని దిద్దాడు. మా పద్ధతి ప్రకారం ఆ నియమాలు కూడా ఒక ప్యాకేజీగానే బయటి కంప్యూటర్లకు వెళ్తాయి. కనుక ఎవరు అప్‌డేట్ చేసుకున్నా కొత్త పేరు, కొత్త నియమం రెండూ కలిసి వెళ్తాయి. అతని ఆలోచన ఇది. ఎవరైనా సరేనంటారు.

పరీక్ష రోజున ప్రసాద్ గారు, నేను ప్రెస్సుకు వెళ్లాం. యాదగిరి గారు, సునీత కంప్యూటర్ తీసుకుని ఆటోలో వచ్చారు. సేఠ్ తన బల్ల ముందు చోటు చేసి కూర్చోబెట్టారు.

"మాస్టర్ సాబ్, ముందే చెప్తున్న. నాకు దయా గియా తెల్వది. తప్పులు పట్టుకుంటే నౌకరీ. పట్టకపోతే చాయ్ తాగి పోవాలె."

"గంతే గావాలె సేఠ్. చాయ్ మాత్రం ఇప్పుడే తెప్పియ్యున్రి. నౌకరీ ఇచ్చినంక మీరు మాకు చాయ్ తాపరు."

సేఠ్ నవ్వారు. సునీత నవ్వలేదు, వేళ్లు అప్పటికే గడుల మీద ఉన్నాయి. మొదటి లైను ఆరంభంలోనే ఒక తప్పు పట్టుకుని దిద్దింది. సరిగ్గా పడింది. రెండవ లైను చదివింది, తప్పులు లేవంది, నిజమే. మూడవ లైను చివర ఆగి, మీట నొక్కి, ఒక అక్షరం తీసి మరొకటి పెట్టింది. తెర వైపు చూస్తున్న ప్రెస్సు కంపోజిటర్ అన్నాడు:

"అమ్మా, తప్పు అట్లనే ఉన్నది. పక్కన మంచిగున్న మాట పాడైంది."

సునీత ఆ లైను మీద వేళ్లు మళ్లీ నడిపింది. ఇంకొక మీట నొక్కింది. సరిచేయబోతే మరో మాట చెడింది. ఆమె చేతులు తీసి ఒడిలో పెట్టుకుంది.

"సార్, తప్పు ఏడున్నదో నాకు తెలుస్తున్నది. కర్సర్ గాడికి పోతలేదు."

"అంటే ఏంది? మిషన్ తప్పు అంటున్నవా బేటీ?" అన్నారు సేఠ్.

"ఔ సార్. మిషన్ తప్పే."

ఆనాడు ఆ గదిలో కారణం గురించి పలికిన మాటల్లో పూర్తిగా నిజమైన మాట అదొక్కటే. కాని పరీక్షలో తప్పిన ప్రతివారూ అనే మాట కూడా అదే. సేఠ్ ముఖంలో జాలి కనిపించింది. జాలి తెలియదన్న మనిషి జాలిపడితే పని అయిపోయినట్లే.

ప్రసాద్ గారు కంగారుగా ముందుకు వంగారు. "అదేవిటండీ యాదగిరి గారూ? పొద్దున దీన్నేమైనా కదిలించారా?"

"అప్‌డేట్ చేసిన సార్. చేసినంక ఒక పేజీ చదివి చూసుకున్నం. చదువుడు మంచిగనే ఉండె."

"చూశారా సేఠ్ గారూ!" ప్రసాద్ గారి గొంతులో ఊరట వినిపించింది. "మేము ఇచ్చినప్పుడు శుభ్రంగా పనిచేసిందండీ. ఈయనే అప్‌డేట్ నొక్కేశారు. ఇందులో మా తప్పేం లేదు."

యాదగిరి గారు ఏదో అనబోయి ఆగినట్లు నాకు అనిపించింది. ఇది నా అభిప్రాయం మాత్రమే, సాక్ష్యం కాదు. ఆయన పెట్టెను సంచిలో సర్దుకుని, సునీత భుజం తట్టి లేచారు. చాయ్ వచ్చింది. ఎవరూ తాగలేదు.

మర్నాడు ఆఫీసులో సలీం భాయ్ ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ ద్వారా తెరిచి నాకు చూపించాడు. లినక్స్‌లో ఒక ఆదేశం ఉంది: ఒక ప్యాకేజీ ఏ గోదాము నుంచి రావాలో, ఏది వచ్చి ఉందో రెండూ చెబుతుంది. రావలసినది అబిడ్స్ గోదాములోని మా వెర్షన్, ప్రయారిటీ 1001. వచ్చి ఉన్నది లినక్స్ వారి వెర్షన్.

"చూడున్రి మేడమ్. రూల్ సక్కగున్నది, సర్వర్ సక్కగున్నది. గట్లున్నంక వాళ్లది ఎట్ల వస్తది? ఎవరన్న చేతితోని పెట్టాలె."

"ఆయన అలా చేస్తారా సలీం భాయ్? ఆ ప్యాకేజీ మీరిద్దరూ కలిసి చేసిందే కదా."

అతను తల దించుకున్నాడు. "చెయ్యడని నాకు గూడ తెల్సు. మిషన్ మాత్రం గట్లనే చెప్తున్నది."

నా అభ్యంతరం ఇక్కడే మొదలైంది. ఆ ఆదేశం చెప్పేది ఈ క్షణపు స్థితి. ఈ స్థితికి ఏ వరసలో చేరిందో అది చెప్పదు. ఎండిపోయిన నేలను చూసి నిన్న వాన పడలేదనడం లాంటిది ఆ నిర్ధారణ. వరస తెలియాలంటే లాగ్ చదవాలి, మనిషిని అడగాలి. ముందు మనిషిని అడగాలనుకున్నాను. ఆ మధ్యాహ్నం కేంద్రానికి వెళ్లాను.

యాదగిరి గారు ఖాళీ తరగతి గదిలో కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడుకే తల తిప్పారు.

"రండి లలితమ్మా. పోలీసు పని మీద వచ్చిన్రా?"

"ఆ పనికి నేను పనికిరాను. నాకు ఎవరి మాటా నమ్మకం కుదరదు."

"మరి గదే గద పోలీసు పని," అని నవ్వారు. తరువాత అడగకుండానే చెప్పారు. "పొద్దుగాల ఫోన్ వచ్చింది మేడమ్, గీ ల్యాండ్‌లైన్‌కు. సర్వర్ పేరు మారింది, బయటికి పోకముందే అప్‌డేట్ కొట్టున్రి, పేరు మారింది ఒప్పుకుంటవా అని అడుగుతది, ఔ అనున్రి, అని చెప్పిన్రు. గట్లనే చేసిన."

"ఎవరు చేశారు ఫోన్?"

"ఆఫీసోళ్లే."

"ఆఫీసులో ఎవరు?"

"కొత్త ఆఫీసుల గంటల గడియారం పెట్టిన్రు గద. మంచిగ మోగుతున్నది," అన్నారు.

ఆయన మాట దాటవేస్తున్నారని అప్పుడు అనుకున్నాను. బస్సులో తిరిగి వస్తుండగా ఆ మాట విలువ తెలిసింది. ఆ గోడ గడియారం నాంపల్లి ఆఫీసులో మేమున్నన్నాళ్లూ చెడిపోయి మూగగానే ఉంది. బాగు చేయించి అబిడ్స్ గోడకు తగిలించింది పరీక్షకు ముందటి రోజు సాయంత్రం. ఆయన ఆ ఆఫీసులో అడుగు పెట్టలేదు. నేను విచారించినంతలో ఆయనతో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. కనుక ఆయన దాన్ని ఫోన్‌లోనే విని ఉండాలి. ఫోన్ వచ్చిందనడానికి నాకు దొరికిన బయటి ఆధారం ఇదొక్కటే, బలమైనదే అనుకుంటున్నాను. మా ల్యాండ్‌లైన్ అప్పటికి కొత్త చోటికి మారలేదు. ఎవరి సెల్‌ఫోన్ నుంచి వెళ్లిందో తెలిపే రికార్డు ఏదీ నాకు అందుబాటులో లేదు. కేంద్రంలోని ఫోన్‌కు నంబరు చూపే సౌకర్యం లేదు.

తరువాత చేయవలసింది ప్రయోగం. పాత ఇమేజ్‌ను, అంటే మేము మొదట కేంద్రానికి ఇచ్చిన పూర్తి కట్టను, మరొక కంప్యూటర్‌లో ఎక్కించాను. అందులో నియమం ఇంకా నాంపల్లి గోదాము కోసమే చూస్తుంటుంది. అప్‌డేట్ నొక్కాను. గోదాము పేరు మారింది, ఒప్పుకుంటావా అని అడిగింది. అవునన్నాను. లినక్స్ వారి వెర్షన్ వచ్చి కూర్చుంది. నేను చేతితో ఏదీ పెట్టలేదు.

కారణం లాగ్‌లో వరసగా ఉంది. అప్‌డేట్ మొదలుకాగానే సిస్టమ్ ముందు ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి తేవాలో మొత్తం నిర్ణయించుకుంటుంది. ఆ తరువాతే తెచ్చి పెట్టడం మొదలుపెడుతుంది. నిర్ణయించుకునే సమయానికి దాని చేతిలో ఉన్నది పాత నియమం. ఆ నియమం నాంపల్లి కోసం వెతికింది. నాంపల్లి ఎక్కడా లేదు. లేదని అది ఎవరికీ చెప్పలేదు. నియమానికి తగిన గోదాము దొరకకపోతే ఊరుకోవడమే దాని స్వభావం. అబిడ్స్ అనే కొత్త గోదాముకు అందరిలాగే 500 పడింది. సమానులయ్యాక పెద్ద నంబరు గెలిచింది. ఆ తరువాత, అదే అప్‌డేట్‌లో, అబిడ్స్ పేరున్న కొత్త నియమం కూడా వచ్చి చేరింది. అప్పటికి నిర్ణయం అయిపోయింది. మర్నాడు మేము చూసేసరికి నియమం సరిగానే ఉంది, తప్పంతా మనిషిదే అన్నట్లు ఉంది.

ఇంకొక ప్రయోగం కూడా చేశాను. అదే కంప్యూటర్‌లో అప్‌డేట్‌ను రెండవసారి నొక్కాను. ఈసారి కొత్త నియమం చేతిలో ఉంది కనుక వెయ్యి దాటిన ప్రయారిటీ పనిచేసి, మా ప్యాకేజీ వెనక్కి వచ్చింది. కర్సర్ అక్షరం మీద నిలబడింది. అంటే ఆ ఉదయం ఆయన ఇంకొక్కసారి నొక్కి ఉంటే చాలు. నొక్కమని ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తెలియదు.

సలీం భాయ్‌ను పిలిచి రెండు ప్రయోగాలూ అతని ఎదుట చేశాను. అతను రెండు లాగ్‌లనూ పైనుంచి కిందికి చదివాడు.

"పేరు నేనే మార్చిన మేడమ్. రూల్ గూడ నేనే మార్చిన. రెండూ కరెక్టే మార్చిన."

"రెండూ కరెక్టే. ఒకటి ముందు, ఒకటి వెనుక వెళ్లవలసింది."

"ముందు రూల్ల రెండు పేర్లూ పెట్టి పంపాలె. అందరికీ పోయినంక పేరు మార్చాలె," అన్నాడు తనలో తాను చెప్పుకుంటున్నట్లు. అది సరైన పద్ధతి. ఆ పద్ధతికి ముహూర్తం కుదరదు.

ఫలితాలు తీసుకుని ప్రసాద్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కోపగించుకోలేదు, ఒప్పుకున్నారు. సేఠ్‌కు తానే చెబుతానన్నారు. చెప్పారో లేదో తెలియక రెండు రోజులు చూసి నేనే వెళ్లాను. సేఠ్ అంతా విన్నారు, మధ్యలో అడ్డు ప్రశ్నలు కూడా వేశారు.

"అంటే గా పోరి చెప్పింది నిజమే అన్నట్టు."

"నిజమేనండి. మరొక్కసారి పరీక్ష పెట్టండి. ఈసారి అప్‌డేట్ బాధ్యత నాది."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మేడమ్, స్కూల్లు తెరిచేది దగ్గర పడ్డది. పని ఆగదు. ఇద్దరిని పెట్టుకున్న, వాళ్లు కుర్చీల కూసున్నరు. వాళ్లను లేపి ఈమెను కూసోబెట్టాల్నా? మీరే చెప్పున్రి." నేను లేచాను. "మాస్టర్ సాబ్‌కు నా తరఫున మాఫీ చెప్పున్రి. వచ్చే సీజన్‌కు చూద్దాం," అన్నారు. వచ్చే సీజన్‌కు ఆయన కొడుకులు పాఠ్యపుస్తకాల పని మానేసి పెళ్లి కార్డుల పని పెట్టారు. అందులో ప్రూఫులు చూసే మనిషితో పని ఉండదు.

సునీత నెలాఖరుకు హాస్టల్ ఖాళీ చేసింది. కేంద్రానికి వీడ్కోలు చెప్పడానికి వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. డిస్‌ప్లే సరిచేశామని, కావాలంటే చూడమని చెప్పాను. ఆమె కూర్చుని, నేను తెరిచిన పేజీలో ఒక లైను చివరికంటా చదివి, మీట నొక్కింది. కర్సర్ సరిగ్గా నిలబడింది. "ఔ, ఇప్పుడు మంచిగున్నది," అని చేతులు తీసేసింది. నేను రుజువు చూపించానన్న తృప్తి కోసం ఆ పని చేశానా అని తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఆమెకు ఆ రుజువుతో అవసరం లేదు. తప్పు మిషన్‌దేనని ఆమె మొదటి రోజే చెప్పింది.

వరంగల్ వెళ్లాక అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడుతుంది. వదినకు వంటలో సాయం చేస్తున్నానని, మేనకోడలికి లెక్కలు చెబుతున్నానని అంటుంది. మొన్న మాట్లాడినప్పుడు ఏమైనా చదువుతున్నావా అని అడిగాను. "వేళ్లు మొద్దువడ్డయి మేడమ్. ఇప్పుడు చుక్కలు ముట్టుకుంటే గూడ జల్ది తెలుస్తలేవు," అంది. ఫిర్యాదులా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్లు చెప్పింది.

ఈ సంఘటన తరువాత మా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఏ ప్రయారిటీ నియమమైనా తాను వెతికే గోదాము దొరకకపోతే ఇప్పుడు బిల్డ్ అక్కడే ఆగి, గట్టిగా చెబుతుంది. బయటి కంప్యూటర్లలో అయితే అప్‌డేట్ మొదలుకాకముందే ఆగిపోతుంది. రెండవది, గోదాములకు ఊళ్ల పేర్లు, వాడల పేర్లు పెట్టడం మానేశాం. ఆఫీసు ఎక్కడికి మారినా మార్చవలసిన అవసరం రాని పేర్లు పెట్టాం. ఇవి మంచి మార్పులే. ఎవరు నష్టపోతే వచ్చాయో మాకు తెలుసు కనుక వాటి గురించి గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. నేను నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. ఒక పనిని ఎవరు చేశారన్నది, ఆ ఫలితం దేనివల్ల వచ్చిందన్నది వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు దొరకగానే రెండవదాన్ని మూసేసే అలవాటు మా ఆఫీసులో ఉండేది. చాలా చోట్ల ఉందనుకుంటాను.

మిగిలిపోయిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ ఉదయం ఫోన్ చేసిందెవరు? గోదాము పేరు మారిందని, అప్‌డేట్ ఏమని అడుగుతుందో కూడా తెలిసినవాళ్లం ఆఫీసులో కొద్దిమందిమే. నేను చేయలేదని నాకు తెలుసు; పాఠకులకు మాత్రం అది కూడా నా మాట మీద నమ్మవలసిన విషయమే. మిగిలినవారిని అందరినీ అడిగాను. అందరూ తాము కాదన్నారు. ప్రెస్సులో "ఈయనే నొక్కేశారు" అన్నప్పుడు ప్రసాద్ గారికి ఆ ఫోన్ సంగతి తెలుసో తెలియదో కూడా దీని జవాబు మీదే ఆధారపడి ఉంది.

యాదగిరి గారికి తెలుసు. పక్క గదిలో దగ్గిన మనిషి పేరు చెప్పగల ఆయన, ఏళ్లుగా విన్న గొంతును ఫోన్‌లో పోల్చుకోలేదంటే నేను నమ్మను. ఈ వేసవిలో కేంద్రానికి వెళ్లినప్పుడు చివరిసారిగా అడిగాను. ఫోన్ చేసిన మనిషి చేసిందీ పెద్ద తప్పు కాదని, నాకు కావలసింది శిక్ష కాదని, వరసలో ఖాళీగా ఉన్న ఒక్క గడి పూరించడమేనని చెప్పాను.

ఆయన డిస్‌ప్లే మీద వేళ్లు ఊరికే అటూ ఇటూ నడిపారు. తెర మీద ఏమీ లేదు. గడులన్నీ చదునుగా ఉన్నాయి.

"చెప్తే ఏమైతది లలితమ్మా? మీరు మంచోళ్లే, ఊకుంటరు. ఊకోనోళ్లు గూడ ఉంటరు. ఒకల నౌకరీ పోతది. పోతే సునీతకు వస్తదా?"

ఆ ప్రశ్నను పరీక్షించడానికి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. అందుకే ఫోన్ చేసిందెవరన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ రాయలేకపోతున్నాను. దాని జవాబు పోలేదు, ఒక మనిషి దగ్గర భద్రంగా ఉంది. ఆయన చెప్పరు. నేను ఇక అడగను.